ఏళ్ల తరబడి నిలిచిన ఇంజిన్‌ను పునరుద్ధరించడం

అశోక్ నగర్ నుంచి పాతబస్తీకి వెళ్లి చౌమహల్లా ప్యాలెస్ చూసినవారికి అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ గుర్తుండే ఉంటుంది. అది నిజాంల కాలపు 1912 నాటి కారు. ఈ నమూనా ఇంజిన్‌లో ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు బ్లాకులుగా ఉంటాయి. ఇలాంటి ఇంజిన్ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఏమవుతుందో, దాన్ని ఎలా బాగుచేస్తారో పరిశీలిద్దాం.

సిలిండర్ గోడల మీది నూనె పొర క్రమంగా జారిపోతుంది. గాలిలోని తేమకు ఇనుము తుప్పు పట్టి, పిస్టన్ రింగులు గోడలకు అతుక్కుంటాయి. మిగిలిన పెట్రోలు జిగురుగా మారుతుంది. అప్పుడు బలవంతంగా స్టార్ట్ చేస్తే రింగులు విరిగి, గోడలపై గీతలు పడతాయి.

కాబట్టి ముందుగా స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచని నూనె పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. తరువాత చేతితో మెల్లగా తిప్పాలి. కదిలినా వెంటనే స్టార్ట్ చేయరాదు. ఇంజిన్ విప్పి చూడాలి. సిల్వర్ ఘోస్ట్‌లో హెడ్, బ్లాకు ఒకే పోతగా ఉంటాయి కనుక బ్లాకునే పైకి లేపాలి. విప్పిన ప్రతి భాగానికీ గుర్తు పెట్టాలి.

ప్రతి సిలిండర్ వ్యాసాన్ని పైన, మధ్యన, కింద కొలవాలి. నూనె తక్కువగా అందే పైభాగంలోనే అరుగుదల ఎక్కువ. అది హద్దు దాటితేనే బోరింగ్ చేసి, పెద్ద పిస్టన్లు వేస్తారు. అయితే ప్రతి బోరింగ్‌తో గోడ పలచబడుతుంది. ఇంత పాత బ్లాకుకు బదులు దొరకడం కష్టం. అందుకే కొలత ముందు, కోత తరువాత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: చేతితో తిప్పినప్పుడు కదిలిన ఇంజిన్‌ను కూడా ఎందుకు విప్పాలి?