4 జీబీ ఇంటి కంప్యూటర్: బ్రౌజర్ ఎంత తింటోంది, ఎంత తగ్గించొచ్చు?

ఏడెనిమిదేళ్ల కిందట కొన్న మామూలు కంప్యూటర్‌లో తరచూ కనిపించే ర్యామ్ 4 జీబీ. ఎంబీల్లో చెబితే 4,096. కరీంనగర్ మంకమ్మతోటలోనైనా, ఆదిలాబాద్ రవీంద్రనగర్‌లోనైనా అలాంటి సిస్టమ్ ఉన్న ఇంట్లో అందరి పనీ ఈ 4,096 ఎంబీలోనే జరగాలి. ఇంటర్ పాసైన అమ్మాయి డిగ్రీ సీటుకు దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. నాన్న ఊళ్లో పొలం వివరాలు భూభారతిలో చూసుకోవాలి. గ్రూప్స్‌కు చదివే అబ్బాయి పాత ప్రశ్నపత్రాలు దించుకోవాలి. సరిగ్గా అప్పుడే మౌస్ కదలదు, పేజీ తెల్లగా నిలిచిపోతుంది. "సిస్టమ్ హ్యాంగ్ అయింది, ఫార్మాట్ కొట్టించాలి" అంటారు ఒకరు. "పాతదైపోయింది, కొత్తది కొనాల్సిందే" అంటారు ఇంకొకరు.

చాలాసార్లు ఈ రెండూ అవసరం లేదు. కంప్యూటర్‌ను నిలబెట్టేసేది మనం చేస్తున్న పని కాదు, ఆ పని పక్కన తెరిచి మరిచిపోయిన పేజీలు. ఈ సంగతి ఎవరి ఇంట్లో వారు, ఎవరి సిస్టమ్ మీద వారు, పైసా ఖర్చు లేకుండా అంకెల్లో చూసుకోవచ్చు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో చేసిన 75వ రౌండ్ సర్వే ప్రకారం, దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు పల్లెల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతమే. సేవలు మాత్రం ఆగలేదు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ 2016లో వచ్చింది. సాగు భూముల రిజిస్ట్రేషన్లకు ధరణి 2020 అక్టోబరు 29న మొదలైంది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఇన్ని పనులు తెర మీదికి చేరాక, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌ను నడిచే స్థితిలో ఉంచుకోవడం సోకు కాదు, అవసరం.

లెక్క ఎక్కడ దాటిపోతోంది

ఒక ఇంటి లెక్క వేద్దాం. ఇవి నమూనా అంకెలు. మీ సిస్టమ్‌లో కొంచెం అటూఇటూగా ఉంటాయి.

మొత్తం ర్యామ్: 4,096 ఎంబీ
విండోస్ 10, యాంటీవైరస్ కలిపి: 2,000
పేజీలేవీ తెరవకముందే బ్రౌజర్ తీసుకునేది: 400
పేజీలకు మిగిలేది: సుమారు 1,700

ఇక తెరిచి ఉన్న ట్యాబ్‌లు:

యూట్యూబ్ క్లాసు: 400
వాట్సాప్ వెబ్: 300
మెయిల్: 250
పొద్దున చూసి వదిలేసిన రెండు వార్తల సైట్లు: 600
జిల్లా ఎడిషన్ ఈ-పేపర్: 350
మొత్తం: 1,900

ఉన్నది 1,700, వాడుతున్నది 1,900. అప్పటికే 200 ఎంబీ దాటిపోయింది. ఇప్పుడు అమ్మాయి దరఖాస్తు పేజీ తెరిచింది. ఎక్కువగా అక్షరాలు, గడులే ఉండే ఆ పేజీకి ఓ 100 ఎంబీ చాలు. అందరికంటే తక్కువ అడిగిన పేజీకే చోటు లేకపోయింది. తిట్లు మాత్రం దానికీ, ఆ సైటుకూ పడతాయి.

నిండితే ఎందుకంత నెమ్మది

ర్యామ్ నిండిపోగానే విండోస్ చేతులెత్తేయదు. కొంత సమాచారాన్ని కుదించి ర్యామ్‌లోనే సర్దుతుంది. అదీ చాలకపోతే కొంత భాగాన్ని డిస్క్‌లోకి తరలించి, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెస్తుంది. నెమ్మదంతా ఈ రాకపోకల్లోనే ఉంది.

ర్యామ్ నుంచి ఒక ముక్క సమాచారం తేవడానికి సుమారు 100 నానో సెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచైతే సుమారు 0.1 మిల్లీ సెకను. పాత తరహా తిరిగే హార్డ్ డిస్క్ నుంచైతే సుమారు 10 మిల్లీ సెకన్లు. ఇవన్నీ రెప్పపాటు కన్నా చిన్నవే కాబట్టి తేడా బుర్రకెక్కదు. ర్యామ్‌కు పట్టే సమయాన్ని ఒక్క సెకను అనుకోండి. ఆ లెక్కన ఎస్‌ఎస్‌డీకి పట్టేది దాదాపు 17 నిమిషాలు, హార్డ్ డిస్క్‌కు 27 గంటల పైమాటే. లక్ష రెట్ల తేడా అన్నమాట. హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూ, మౌస్ నొక్కినా పలకని ఆ నిమిషాల్లో జరుగుతున్నది ఇదే. అందుకే ర్యామ్ 95 శాతం వాడుకలో ఉన్నా సాఫీగా నడిచే సిస్టమ్, ఇంకో 200 ఎంబీ అడగగానే కూలబడుతుంది.

బ్రౌజర్‌కు ఇంత ఆకలి ఎందుకు

అక్షరాల వల్ల కాదు. వెయ్యి మాటల తెలుగు వ్యాసంలో దాదాపు 8,000 సంకేతాలు ఉంటాయి. బ్రౌజర్ ఒక్కో దానికి 2 బైట్లు కేటాయిస్తుంది. మొత్తం 16 కేబీ. అలాంటి వ్యాసాలు 1,500 పోగేస్తే 24 ఎంబీ.

ఇప్పుడు ఈ-పేపర్ చూడండి. ఒక పేజీ 2,000 × 3,000 పిక్సెళ్ల బొమ్మ అనుకుందాం. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు అది ఒక ఎంబీయే కావచ్చు. పూర్తి పరిమాణంలో తెర మీద చూపాలంటే దాన్ని విప్పాలి. విప్పిన బొమ్మలో పిక్సెల్‌కు 4 బైట్లు. 60 లక్షల పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 24 ఎంబీ. ఇందాకటి 1,500 వ్యాసాలంత బరువు ఒక్క పేజీదే. వరసగా 12 పేజీలు తిప్పితే, బ్రౌజర్ వెనకవాటిని వదలకపోతే, 288 ఎంబీ. ఫోన్‌తో తీసి మెయిల్‌లో తెరిచిన 4,000 × 3,000 ఫొటో అయితే ఒక్కటే 48 ఎంబీ.

రెండో కారణం బ్రౌజర్ కట్టడంలోనే ఉంది. 2008 సెప్టెంబరు 2న క్రోమ్ వచ్చినప్పుడు పేజీలను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడపడం దాని ప్రత్యేకత. ఒక పేజీ కూలితే మిగతావి కూలవు. దానికి మూల్యం అదనపు మెమొరీ. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఒక సైటు సమాచారం ఇంకో సైటు కంట పడకుండా క్రోమ్ ఆ గోడలను ఇంకా పెంచింది. దీనివల్ల మెమొరీ 10 నుంచి 13 శాతం అదనంగా ఖర్చవుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. ఒక ట్యాబ్‌లో బ్యాంకు, ఇంకో ట్యాబ్‌లో ఊరూపేరూ లేని సైటు తెరిచే ఇంటికి ఆ ఖర్చు దండగ కాదు. మెమొరీ తగ్గించే పేరుతో ఈ రక్షణను తీసేయమనే చిట్కాలు కనిపిస్తే నమ్మకండి.

ముందు కొలవండి

క్రోమ్ లేదా ఎడ్జ్ తెరిచి ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమొరీ అని ఉన్న శీర్షిక మీద క్లిక్ చేస్తే పెద్దది పైకి వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే మెనూలో మోర్ టూల్స్, అందులో టాస్క్ మేనేజర్.

ఆ పట్టికను ఓ నిమిషం తీరిగ్గా చదవండి. ట్యాబ్ అని మొదలయ్యే వరసలు మీరు తెరిచిన పేజీలు. సబ్‌ఫ్రేమ్ అని ఉన్నవి ఆ పేజీల లోపల కూర్చున్న వేరే సైట్లు, చాలావరకు ప్రకటనలు. ఎక్స్‌టెన్షన్ అని ఉన్నవి ఎప్పుడో చేర్చుకున్న అదనపు హంగులు: పీడీఎఫ్ మార్చేవి, వీడియో దించేవి, కూపన్లు వెతికేవి. ఒక్కోటి 50 ఎంబీ తీసుకున్నా ఆరు ఉంటే 300. మనం పేజీలు మూసినా ఇవి పోవు. వార్తల సైటు ఒక్కటి తెరిస్తే ఎన్ని సబ్‌ఫ్రేమ్‌లు పుట్టుకొస్తాయో ఈ పట్టికలో చూసినవారికి, ఆ ట్యాబ్‌ను రోజంతా తెరిచి ఉంచాలని అనిపించదు.

ఏది తగ్గిస్తే ఎంత మిగులుతుంది

మొదటిది, మూయడం. మన నమూనా ఇంట్లో రెండు వార్తల ట్యాబ్‌లు మూస్తే 600, ఈ-పేపర్ మూస్తే 350. రెండు నిమిషాల్లో 950 ఎంబీ చేతికొచ్చింది. మళ్లీ కావాల్సిన పేజీని బుక్‌మార్క్ చేసుకోండి. బుక్‌మార్క్ పట్టే చోటు లెక్కలోకే రాదు.

రెండోది, నిద్రపుచ్చడం. వాడని ట్యాబ్‌ను తెర మీద పేరుగా ఉంచి, మెమొరీలోంచి తీసేసే ఏర్పాటు ఇది. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమొరీ సేవర్ ఉంటుంది. దీనితో మెమొరీ వాడకం బాగా తగ్గుతుందని 2022 డిసెంబరులో గూగుల్ ప్రకటించింది. ఇందులో మూడు స్థాయులున్నాయి. 4 జీబీ సిస్టమ్‌కు మ్యాగ్జిమమ్ పెట్టుకోండి. ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఉంటుంది. నిద్రపోయిన ఒక్కో ట్యాబ్ సగటున 85 శాతం మెమొరీ వదులుతుందని మైక్రోసాఫ్ట్ లెక్క. ఎంతసేపటికి నిద్రపుచ్చాలో 30 సెకన్ల నుంచి 12 గంటల దాకా మనమే ఎంచుకోవచ్చు. 5 నిమిషాలు పెడితే సరిపోతుంది. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ 2021లో వచ్చిన 93వ వెర్షన్ నుంచి, మెమొరీ బాగా తగ్గినప్పుడు తనంతట తానే పాత ట్యాబ్‌లను దించేస్తోంది. కంపెనీలు చెప్పేదాంట్లో సగమే మీ ఇంట్లో నిజమైనా, 1,900 ఎంబీ ట్యాబ్‌ల మీద అది చిన్న మొత్తం కాదు.

మూడోది, ఎక్స్‌టెన్షన్లు. నెల రోజులుగా ముట్టనిది తీసేయండి. ప్రకటనలను ఆపే నమ్మకమైన ఎక్స్‌టెన్షన్ ఒక్కటి ఉంచుకోండి. అది తీసుకునే మెమొరీ కన్నా, అది రానివ్వని సబ్‌ఫ్రేమ్‌ల మెమొరీ ఎక్కువ ఉంటుంది.

నాలుగోది, బ్రౌజర్ మూసినా వెనక నడిచేవి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద, మూసిన తర్వాత కూడా యాప్‌లను వెనక నడవనిచ్చే మీట ఉంటుంది. ఎడ్జ్‌లోనూ అలాంటి మీటే ఉంటుంది, దానితోపాటు స్టార్టప్ బూస్ట్ కూడా. 4 జీబీ ఉన్నచోట ఇవన్నీ ఆపేయొచ్చు.

ఐదోది, వీడియో నాణ్యత. 1080 వీడియోలో విప్పిన ఒక్కో ఫ్రేమ్ సుమారు 3.1 ఎంబీ. 480లో 0.6 ఎంబీ. బ్రౌజర్ ఒకేసారి కొన్ని ఫ్రేమ్‌లను సిద్ధంగా పెట్టుకుంటుంది కాబట్టి ఈ ఐదు రెట్ల తేడా తెలుస్తుంది. బోర్డు మీద అక్షరాలు కనిపిస్తున్నంతవరకు పాఠం వినడానికి 480 చాలు.

దరఖాస్తు రోజు జాగ్రత్త

నిద్రపోయిన ట్యాబ్‌ను మళ్లీ నొక్కితే పేజీ మొదటినుంచి తెరుచుకుంటుంది. సగం నింపిన ఫారాలున్న ట్యాబ్‌లను, ఫైలు దిగుతున్నవాటిని, పిన్ చేసినవాటిని క్రోమ్ సాధారణంగా నిద్రపుచ్చదు. అయినా సీటు, ఉద్యోగం, భూమి లాంటి విషయంలో "సాధారణంగా" అన్న మాట మీద ఆధారపడకూడదు. క్రోమ్‌లో పెర్ఫార్మెన్స్ కిందే, ఎప్పుడూ మెలకువగా ఉంచాల్సిన సైట్ల జాబితా ఉంటుంది. దోస్త్, టీజీపీఎస్సీ, బాసర ట్రిపుల్ ఐటీ దరఖాస్తు సైటు, మీ బ్యాంకు, వీటిని అందులో చేర్చండి. ఫారం తెరిచే ముందు మిగతా ట్యాబ్‌లన్నీ మూసి బ్రౌజర్‌ను ఒకసారి ఆపి తెరవండి. ఫొటో, సంతకం ఫైళ్లను ముందే చిన్నవి చేసి పెట్టుకోండి.

ఫలితం లేనివి

హిస్టరీ, క్యాష్ తుడవడం: ఖాళీ అయ్యేది డిస్క్, ర్యామ్ కాదు. పైగా పేజీలన్నీ మళ్లీ దిగాలి, డేటా ఖర్చు.

ర్యామ్ క్లీనర్లు: వాడుకలో ఉన్నదాన్ని బలవంతంగా డిస్క్‌లోకి నెట్టి, అంకె తగ్గినట్టు చూపిస్తాయి. తర్వాతి క్లిక్‌కు అదంతా వెనక్కి రావాలి.

క్రోమ్ తీసేసి దాని తోబుట్టువును వేసుకోవడం: ఎడ్జ్ 2020 జనవరి నుంచి క్రోమియం మీదే నడుస్తోంది. బ్రేవ్, ఒపెరా కూడా అంతే. సెట్టింగ్స్ మారితే తేడా ఉంటుంది, పేరు మారితే కాదు.

ఫార్మాట్: కొట్టించాక సిస్టమ్ వేగంగా అనిపించడానికి పెద్ద కారణం ఎక్స్‌టెన్షన్లు, స్టార్టప్ ప్రోగ్రాములు పోవడమే. వాటిని ఫార్మాట్ లేకుండానే తీసేయొచ్చు. ఫొటోలు పోతాయన్న భయమూ ఉండదు.

దుకాణానికి వెళ్లే ముందు

ఇవన్నీ చేసినా, అవసరమైన మూడు నాలుగు ట్యాబ్‌లకే సిస్టమ్ ఆగుతుంటే అప్పుడు ఖర్చు పెట్టడం సబబే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమొరీ మీద నొక్కండి. ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో, ర్యామ్ వేగమెంతో అక్కడే ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకుని దుకాణంలో చూపించండి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, ల్యాప్‌టాప్ ర్యామ్ డెస్క్‌టాప్‌కు సరిపోదు. విండోస్ 32 బిట్ అయితే మామూలుగా 4 జీబీకి మించి వాడుకోలేదు, కాబట్టి ర్యామ్ వేయించే ముందు అది 64 బిట్టేనని తేల్చుకోండి. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, ఎస్‌ఎస్‌డీ వేయించడం వల్ల ఇందాకటి 27 గంటల లెక్క 17 నిమిషాలకు దిగుతుంది.

ఒక తేదీ కూడా గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 7లో 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచే క్రోమ్ పనిచేయడం లేదు. పాత సిస్టమ్ వాడటంలో తప్పులేదు. పాత బ్రౌజర్‌తో బ్యాంకు పని చేయడంలో ప్రమాదం ఉంది.

కాబట్టి వరస ఇదీ: కొలవడం, మూయడం, నిద్రపుచ్చడం, ఎక్స్‌టెన్షన్లు తీసేయడం, ఆ తర్వాతే కొనడం. మొదటి నాలుగింటికీ కలిపి పట్టేది అరగంట. మన నమూనా ఇంట్లో రెండో పనికే 950 ఎంబీ మిగిలింది. అమ్మాయి దరఖాస్తు పేజీ అడిగింది వంద.