తెరమీఁది శిల్పములు : నామనిర్దేశము

రామగుండము, గోదావరిఖని ప్రాంతము బొగ్గుగనులకుఁ బ్రసిద్ధము. ఆ గనుల కనతిదూరమున, పెద్దపల్లి జిల్లాయందే, హుస్సేనుమియా వాగు చెంత ధూళికట్ట కలదు. 1970 దశకమునఁ బురావస్తుశాఖవారు జరపిన త్రవ్వకములలో నచట శాతవాహనకాలపు కోటయు, దాని చేరువ నొక బౌద్ధస్తూపమును బయల్పడినవి. స్తూపమునకుఁ దాపిన సున్నపురాతి ఫలకములపై ముచిలిందనాగము పడగ విప్పి యున్నది. ఆ కాలపు శిల్పులు బుద్ధుని మానవరూపమునఁ జెక్కక చిహ్నములచేతనే సూచించిరి. గోదావరి యొడ్డుననే యున్న కోటిలింగాలయందు గోభద, నారన, కంవాయస, చిముక నామములు గల నాణెములు దొరకినవి. ఆంధ్రుల ప్రాచీనచరిత్రమునకు వీనిని మించిన సాక్ష్యము లరుదు.

ఇట్టి నేలమీఁద నివసించువారిలో నీ వస్తువులను గన్నులారఁ జూచినవా రెందఱు? హైదరాబాదునందలి సాలారుజంగు మ్యూజియము ఉదయము 10 గంటలకుఁ దెఱవఁబడి సాయంకాలము 5 గంటలకు మూయఁబడును, శుక్రవారము సెలవు. రాత్రిపాళి ముగించుకొని తెల్లవాఱి యిల్లు చేరు గనికార్మికునకు రాజధానీప్రయాణము పండుగనాఁటి మాట. కావున మ్యూజియములు తమ సంపదను అంతర్జాలమునఁ బ్రదర్శించుట పట్టణవాసుల కొక వినోదమైనను, ఇట్టి ప్రాంతములవారి కదియే ప్రవేశద్వారము.

ఈ ప్రయత్నము చాలకాలముగా సాగుచున్నది. 2011 ఫిబ్రవరి 1 వ తేదీన గూగులు సంస్థవారు 17 మ్యూజియములతోఁ గళాప్రదర్శన మారంభించిరి. తరువాత సాలారుజంగు మ్యూజియమును నందుఁ జేరినది. భారతప్రభుత్వము పుణెలోని సీడాక్ సంస్థచే ‘జతన్’ అను సాధనమును జేయించి, తొలుత 10 మ్యూజియముల వస్తువుల కొక ఉమ్మడి భాండారము నేర్పఱచినది. ఆ పదింట సాలారుజంగు, నాగార్జునకొండ మ్యూజియములు రెండును గలవు. లండనులోని బ్రిటిషు మ్యూజియమువారు అమరావతీశిల్పముల ఛాయాచిత్రములను దమ పట్టికతోఁగూడ నందఱకుఁ దెఱచి యుంచిరి.

తెర యెంతవఱకుఁ జూపఁగలదు? అమరావతీఫలకములలో నొకటి రెండువైపులఁ జెక్కఁబడినది. ఒకవైపు క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలోఁ జేసిన బోధివృక్షపూజ. రెండవవైపు క్రీస్తుశకము మూఁడవ శతాబ్దిలోఁ జెక్కిన స్తూపము. పాతఱాతిని వెనుకకుఁ ద్రిప్పి క్రొత్తశిల్పము చెక్కిరన్నమాట. ఇట్టి వస్తువును తెరమీఁద రెండువైపులఁ బక్కపక్కన నుంచి పరిశీలింపవచ్చును. ఉలిదెబ్బలను సైతము పెద్దవి చేసి చూడవచ్చును. సాలారుజంగులోని కొయ్యబొమ్మ యట్లు కాదు. అందు ముందు మెఫిస్టోఫిలీసు, వెనుక మార్గరెట్టా. వెనుకనున్న అద్దమునఁ గన్య కానవచ్చును. చూపరి యొక్కయడుగు ప్రక్కకు వేయఁగా నద్దములోని ప్రతిబింబము మాఱుటలోనే దాని చమత్కార మున్నది. ఛాయాచిత్రమున నది నిలిచిపోవును. ఇది తెర దోషము కాదు, దాని స్వభావము.

దోష మనఁదగినది వేఱొకటి కలదు. తెరమీఁది భాండారమున నడచి చూచుట లేదు. పేరు పెట్టి పిలిచినఁగాని యేవస్తువును బలుకదు. పాణినీయమున శబ్దము సాధారణముగాఁ దన స్వరూపమునే బోధించునని నియమము. అగ్నిశబ్దమునకుఁ బ్రత్యయము విధింపఁగా నది ‘అగ్ని’ యను నక్షరములకే చేరును గాని, మండుచున్న బొగ్గునకుఁ జేరదు. వహ్ని, పావక శబ్దములకును జేరదు. శాస్త్రకారులు చేసిన సంజ్ఞలు మాత్ర మిందుల కపవాదము. మ్యూజియముల పట్టికలయందలి వెదకుయంత్రము లించుమించుగా నీ నియమమునే పాటించుచున్నవి. గూగులువంటి పెద్దయంత్రములు పర్యాయములను గొంత గ్రహింప నేర్చినవి కాని, మ్యూజియముల సొంతపట్టికలకు నట్టి నేర్పు తక్కువ. పైఁజెప్పిన యమరావతీఫలకమునకు 1880,0709.79 అను సంఖ్య కలదు. 1880 జులై 9 వ తేదీన నమోదైన వానిలో 79 వది యని దాని యర్థము. ఇది శుద్ధసంజ్ఞ, తెలిసినవానికి మాత్రమే యుపయోగము.

ఇఁకఁ దెలుగువాని గతి చూడుఁడు. పట్టికలు ప్రధానముగా నాంగ్లమున నున్నవి. ధూళికట్ట రోమనులిపిలోఁ బడఁగానే ళకారమును, టకారమును దమ గుర్తులను గోల్పోవును. దానిని మరల యంత్రముచేఁ దెలుఁగు చేయించినచో ‘ధూలికత్త’ యైనను గావచ్చును. చిముకుని సంగతి మఱియుఁ గష్టము. నాణెమున చిముక, చరిత్రగ్రంథములలో సిముక, పురాణములలో శిశుక, సింధుక, శిప్రక. రాజొక్కఁడే, యంత్రమున కైదుగురు. స్తూపభాగములకు వేదిక, సూచి, ఉష్ణీషము, అండము, ఆయకస్తంభము మొదలగు పేళ్లు మనవాఙ్మయమునను శాసనములయందును స్థిరపడియున్నవి. పట్టికలో ఆంగ్లపదము మాత్రమే యున్నచో ‘ఆయకస్తంభము’ అని తెలుఁగున వెదకిన విద్యార్థికిఁ దెర శూన్యముగా నుండును. వస్తువు లేదని యతఁడు భ్రమపడును. చూడరానిదానికంటె లేదనిపించునది యెక్కువ నష్టము.

వ్యాకరణము స్వరూపమును బట్టినచోఁ గోశము పర్యాయములను గూర్చినది. అమరసింహుఁడు చేసిన పని యిప్పుడు మ్యూజియముపట్టికలకుఁ గావలెను. ఒక్కొక్క వస్తువునకుఁ దెలుఁగుపేరు, ఆంగ్లనామము, చిహ్నసహితమైన రోమనువర్ణక్రమము, వాడుకలోని తప్పువ్రాఁతలు, అన్నియు నొకేచోటఁ గట్టవలెను. తప్పువ్రాఁతల నేల చేర్చవలెనని పండితు లడుగవచ్చును. వెదకువాఁడు వానినే వ్రాయును గనుక. శాసన మున్నచో బ్రాహ్మీపాఠమును దెలుఁగు లిపిలో నీయవలెను. నాణెమునకు ముందువెనుకల చిత్రములును, తూకమును, కొలతయు నుండవలెను. లేనిచోఁ దెరమీఁద కాసును, కంచమును నొకే పరిమాణమునఁ దోఁచును.

దొరకినచోటి నిర్దేశమున మఱింత జాగరూకత వలయును. ధూళికట్ట, కోటిలింగాల రెండును 2016 అక్టోబరు దాఁక కరీంనగరు జిల్లాలోనివి. ఆ నెలలో జిల్లాల పునర్విభజన జరుగఁగా మొదటిది పెద్దపల్లి జిల్లాకును, రెండవది జగిత్యాల జిల్లాకును జేరినవి. పాతపట్టిక కరీంనగ రనును. గోదావరిఖని బడిపిల్లవాఁడు పెద్దపల్లి యని వెదకును. రెండుపేళ్లను, మాఱిన సంవత్సరముతోఁగూడ వ్రాసి యుంచినచో నాతని కా నాగఫలకము కానవచ్చును.