బోణీ బేరం, మెదడు లెక్క

సొంతంగా, తోడెవరూ లేకుండా చిన్న వ్యాపారం నడుపుకునేవారు, అది ఇంట్లో పచ్చళ్ళు పట్టి కొరియర్‌లో పంపడం కావచ్చు, గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసి అమ్మడం కావచ్చు, పని తెలిసి, తీరిక ఉండి, అవసరమూ ఉండి కూడా చెయ్యి కదలని స్థితికి ఏదో ఒక దశలో చేరుకుంటారు. అటువంటివారికి అందరూ చెప్పే సలహా ఒకటే: పెద్ద లక్ష్యాన్ని కాసేపు పక్కన పెట్టి చిన్న చిన్న గెలుపులు కూడబెట్టుకొమ్మని. ఈ సలహాలో శాస్త్రం పాలెంత, ఓదార్పు పాలెంత అన్న ప్రశ్నకు జవాబు వ్యాపార నిర్వహణ గ్రంథాల్లో కన్నా, సుమారు అరవై ఏళ్ళ కిందట కుక్కల మీద జరిగిన ఒక ప్రయోగంలోను, దాని అర్థాన్ని అర్ధ శతాబ్దం తరువాత ఆ ప్రయోగకర్తలే తలకిందులు చేసిన తీరులోను బాగా దొరుకుతుంది.

‘చిన్న గెలుపులు’ అన్న మాటకు పరిశోధనారంగంలో పేరు తెచ్చినవారు అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ వైక్. 1984లో ప్రచురించిన వ్యాసంలో ఆయన మాట్లాడింది వ్యాపారాల గురించి కాదు, సామాజిక సమస్యల గురించి. సమస్యను కొండంత చేసి చూపితే జనం కంగారుపడి చేతులెత్తేస్తారని, చేతికందే ముక్కలుగా కోసి ఇస్తే కదులుతారని ఆయన వాదం. తరువాత తెరిసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు ఏడు కంపెనీలకు చెందిన 238 మంది చేత రోజువారీ డైరీ రాయించి, దాదాపు 12,000 నమోదులను పరిశీలించి, పనిలో మంచి రోజు అనిపించుకున్న రోజులకు అన్నిటికన్నా ఎక్కువగా తోడుగా కనిపించింది, విలువైన పని కొంతైనా ముందుకు జరగడమేనని 2011లో వెలువరించిన పుస్తకంలో తేల్చారు. ఇదే విషయం మీద 669 మంది మేనేజర్లను అడిగితే, ఉత్సాహాన్ని పెంచే అంశాల జాబితాలో దానిని చిట్టచివరన పెట్టారట. ఈ అధ్యయనం విలువైనదే గాని, అందులోని వారంతా జీతం మీద పనిచేసేవారన్నది ఒక కొరత కాగా, డైరీలు ఏది దేనితో కలిసి వస్తుందో చెప్పగలవే తప్ప ఎందుకు వస్తుందో చెప్పలేవన్నది అంతకన్నా పెద్ద కొరత.

ఆ ‘ఎందుకు’కు వీడియోల్లోను, ప్రేరణోపన్యాసాల్లోను తయారుగా దొరికే సమాధానం డోపమిన్: గెలిచిన ప్రతిసారీ మెదడులో ఆ రసాయనం ఊరుతుందని, అది సుఖాన్నిస్తుందని, సుఖం మళ్ళీ పనికి పురిగొల్పుతుందని. ఈ కథకు మూలం 1954లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ చేసిన ఎలుకల ప్రయోగం. మెదడులో తీగ అమర్చిన ఎలుకలు దాని ద్వారా విద్యుత్తు పొందడం కోసం మీటను అదే పనిగా నొక్కుతుంటే, సుఖకేంద్రం దొరికిందని లోకం పొంగిపోయింది. కాని డోపమిన్ దాదాపుగా లేకుండా చేసిన ఎలుకలు కూడా నాలుక మీద తీపి పడగానే మూతి చప్పరించుకుంటాయని, వాటికి పోయింది రుచి కాదు, లేచి వెళ్ళి తినాలన్న పూనికేనని కెంట్ బెరిడ్జ్ తరువాత చూపించారు. వుల్ఫ్రామ్ షుల్జ్ కోతుల మీద చేసిన పరిశీలనలు మరో మెలిక పెట్టాయి: దీపం వెలిగితే పళ్ళరసం వస్తుందని కోతికి బాగా అలవాటయ్యాక డోపమిన్ కణాలు దీపానికి స్పందిస్తాయే గాని, ఊహించినట్టే వచ్చిన రసానికి స్పందించవు. అంటే రోజూ ఒకే గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయేవారికి కొన్నాళ్ళకు ఆ టిక్కు నుంచి దక్కేది ఏమీ ఉండదన్నమాట. చిన్న గెలుపు మెదడు నోట్లో చక్కెర పలుకు వేస్తుందన్న ఊహను ఇక్కడితో వదిలిపెట్టి, అసలు కథలోకి వెళ్ళవచ్చు.

1960ల నడుమ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్, బ్రూస్ ఓవర్మియర్ అనే విద్యార్థులు కుక్కల మీద కొన్ని ప్రయోగాలు చేశారు. 1967లో ప్రచురితమైన వాటిలో ఒకదాని అమరిక ఎంతో తెలివైనది. ఒక జట్టు కుక్కలకు విద్యుత్ షాకు తగులుతున్నప్పుడు తల పక్కనున్న పలకను నొక్కితే అది ఆగిపోతుంది. రెండో జట్టు కుక్కలకు, మొదటి జట్టు కుక్కలకు సగటున తగిలినంతసేపే షాకు ఇచ్చారు. మొదటి జట్టు షాకును సగటున ఎంతసేపట్లో ఆపుకుందో అంతసేపటికే వీటికీ ఆగుతుంది గాని, ఇవి పలక నొక్కితే ఏమీ జరగదు. రెండు జట్లకూ తగిలిన షాకు లెక్కలో సగటున తేడా లేదు. ఉన్న తేడా అంతా అదుపులోనే. మూడో జట్టుకు అసలు షాకే లేదు. మరునాడు మూడు జట్లనూ, నడుమ పొట్టి గోడ ఉన్న రెండు అరల పెట్టెలో విడిచిపెట్టగా, మొదటి, మూడో జట్ల కుక్కలు షాకు తగలగానే గోడ దూకి అవతలి అరలోకి పోవడం చకచకా నేర్చుకున్నాయి. అదుపు లేని జట్టులో చాలా కుక్కలు దూకే ప్రయత్నమే మానుకుని, మూలుగుతూ అక్కడే పడి ఉన్నాయి. ఇటువంటి ప్రయోగానికి నేటి నైతిక సంఘాలు అనుమతివ్వడం కష్టం, ఇవ్వకపోవడమే న్యాయం కూడా. అయినా కష్టాన్ని, కష్టం మీద అదుపు లేకపోవడాన్ని ఇంత శుభ్రంగా వేరుచేసిన అమరిక మరొకటి చూపడం తేలిక కాదు.

ఈ కుక్కలు, ఏం చేసినా ఒకటే అన్న పాఠాన్ని నేర్చుకున్నాయని ప్రయోగకర్తలు భావించి, దానికి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు పెట్టారు. ఆనాడు రాజ్యమేలుతున్న ప్రవర్తనవాదులకు, అంటే జంతువు నేర్చుకునేది కదలికలనే గాని భావాలను కాదని నమ్మేవారికి, ఇది మింగుడుపడలేదు. కదలకుండా ఉన్నప్పుడే కాకతాళీయంగా షాకు ఆగి ఉంటుందని, కుక్కలు నేర్చుకున్నది కదలకపోవడాన్నేనని వారు వాదించారు. మేయర్ ఇచ్చిన జవాబు ముచ్చటైనది. కదలకుండా నిలబడితేనే షాకు ఆగేలా కొన్ని కుక్కలకు తర్ఫీదిచ్చి, తరువాత వాటిని గోడ పెట్టెలో వదిలారు. ప్రవర్తనవాదుల లెక్క ప్రకారం అన్నిటికన్నా ముందు ఇవే చతికిలబడాలి. కాని కాస్త తటపటాయించినా అవి దూకడం నేర్చుకున్నాయి. కదలకపోవడమైనా సరే, అది తన చేతిలోని మీట అయితే చాలునన్నమాట.

ఇంతవరకు గెలుపు సెలిగ్మన్, మేయర్‌లదే. తప్పు బయటపడింది ఆ తరువాతి అంతస్తులో. సెలిగ్మన్ మానవ మనస్తత్వం వైపు, మేయర్ మెదడు శాస్త్రం వైపు వెళ్ళాక, కొలరాడో విశ్వవిద్యాలయంలో మేయర్ బృందం ఎలుకల మెదడు కాండంలో ఉండే డోర్సల్ రాఫే న్యూక్లియస్ అనే చిన్న కణపుంజం వద్ద ఆగింది. సెరోటోనిన్ తయారుచేసే ఈ కణాలు తప్పించుకోలేని దెబ్బలు వరసగా తగిలినప్పుడు విపరీతంగా చెలరేగి, భయాన్ని పెంచి, తప్పించుకునే కదలికలను అణిచివేస్తాయి. సెరోటోనిన్ అంటే ఆనందానికి మారుపేరని నమ్మేవారు ఇక్కడ ఒక క్షణం ఆగడం మంచిది. అయితే చక్రం తిప్పి షాకును ఆపగలిగిన ఎలుకల్లో ఈ పుంజం ఎందుకు చెలరేగదన్నది ప్రశ్న. మెదడు కాండానికి చేసిన పనికి ఫలితం దక్కిందో లేదో పసిగట్టే శక్తి లేదు. ఆ లెక్క వేసేది నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని నడిమి భాగం. 2005లో ఈ బృందం ఆ భాగాన్ని మందుతో కాసేపు నిద్రపుచ్చి, ఎలుకలను చక్రం దగ్గర పెట్టింది. అవి మామూలు ఎలుకల్లాగే చక్రం తిప్పాయి, షాకును ఆపుకున్నాయి. అయినా ఆ తరువాతి పరీక్షలో అసలు అదుపే లేని ఎలుకల్లా ప్రవర్తించాయి. గెలిచాయి, కాని గెలిచిన కబురు కింది అంతస్తుకు చేరలేదు.

మొత్తం లెక్క తిరగబడింది ఇక్కడే. దీర్ఘకాలం దెబ్బలు తగిలితే చతికిలబడటం ఎవరూ నేర్చుకునేది కాదు. అది మెదడుకు పుట్టుకతో వచ్చిన స్పందన. నేర్చుకోవలసింది, నేర్చుకోగలిగింది అదుపు ఉందన్న సంగతినే. అది తెలిసినప్పుడు పై భాగం కింది పుంజాన్ని నోరుమూయిస్తుంది. యాభై ఏళ్ళ కిందటి తమ సిద్ధాంతం విషయాన్ని తిరగేసి పట్టుకుందని సెలిగ్మన్, మేయర్ 2016లో తామే రాశారు. పండితలోకంలో ఇంతటి ఒప్పుకోలు అరుదు. ఒకసారి అదుపు రుచి చూసిన ఎలుకలకు తరువాత అదుపులేని దెబ్బలు తగిలినా చాలావరకు రక్షణ ఉంటుందని కూడా ఈ బృందమే చూపింది, టీకా వంటిదన్నమాట.

ఈ వెలుగులో 1968 నాటి ఒక చిన్న ప్రయోగాన్ని మళ్ళీ చదవాలి. చతికిలబడిన కుక్కలను లేపడానికి సెలిగ్మన్ బృందం నడిమి గోడను తీసేసింది, అవతలి అరలో మాంసం ముక్కలు వేసింది, బుజ్జగించి పిలిచింది, కుక్కలు కదలలేదు. చివరికి మెడకు పట్టీ కట్టి, షాకు ఆగే అరలోకి మళ్ళీ మళ్ళీ ఈడ్చారు. మొదట్లో బలంగా లాగవలసి వచ్చింది, పోనుపోను పట్టీ వదులైంది, ఆ తరువాత కుక్కలు తమంత తామే దూకసాగాయి. బహుమతి చేయలేని పనిని, తన కాళ్ళు కదిలితే షాకు ఆగుతుందన్న అనుభవం చేసింది.

మనుషుల్లో ఈ సర్క్యూట్‌కు ఎలుకల్లో ఉన్నంత నేరుగా సాక్ష్యం చూపడం సాధ్యం కాదు గాని, ప్రవర్తన మాత్రం అదే బాటలో నడుస్తుంది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ 1972లో ప్రకటించిన ప్రయోగాల్లో కొందరికి చెవులు చిల్లులుపడే చప్పుడు వినిపిస్తూ, భరించలేకపోతే నొక్కమని ఒక మీట ఇచ్చారు. మీటను దాదాపుగా ఎవరూ నొక్కలేదు; అయినా మీట లేనివారి కన్నా వీరు తరువాత ఇచ్చిన విడని చిక్కుముడులతో ఎక్కువసేపు కుస్తీపట్టారు, అచ్చుతప్పులు ఎక్కువ పట్టుకున్నారు.

ఒంటరి వ్యాపారికి ఏది గెలుపో, ఏది కాదో ఇప్పుడు వేరుచేయవచ్చు. పచ్చళ్ళు పంపే గృహిణికి ఒక వీడియో వల్ల అనుకోకుండా నలభై ఆర్డర్లు వచ్చిపడితే అది ఆదాయం, సంతోషం కూడా. కాని ఏ పని చేస్తే వచ్చాయో తెలియని ఆర్డర్లు, ఏ కారణం చేత ఆగిపోయాయో తెలియని ఆర్డర్లకు కవలలే. అదే మనిషి, పార్శిలు అడుగున నూనె మరక కడుతోందన్న ఫిర్యాదులు వస్తున్నప్పుడు, ఆవకాయ సీసా మూత కింద రేకు సీలు వేసి చూసి, ఆ వారం వెళ్ళిన పన్నెండు పెట్టెల్లో ఒక్కదానికీ మరక రాలేదని తెలుసుకుంటే, డబ్బు లెక్కలో అది సున్నా అయినా, మెదడు లెక్కలో పలక నొక్కి షాకు ఆపుకోవడమే. మొత్తం బాకీల వసూలు ఎదుటివారి చేతిలో ఉంటుంది. ఒక బాకీదారుకు ఫోన్ చేసి తేదీ చెప్పించుకోవడం దాదాపుగా తన చేతిలో ఉంటుంది. ఫలితమే లేని ఉత్త చేష్టా పనికిరాదు, చేష్టతో ముడిలేని ఫలితమూ పనికిరాదు; ఆ రెంటి నడుమ ముడి కనబడాలి. పతకాలు, నక్షత్రాలు పంచిపెట్టే ఫోన్ యాప్‌లు ఈ చిన్న తేడాను పట్టించుకోకుండా, గోడ అవతల మాంసం ముక్కలు వేసే పనిని ఇప్పటికీ దీక్షగా చేస్తున్నాయి.

తెలుగు బజార్లలో బోణీ మీద ఉన్న పట్టింపును మూఢనమ్మకంగా కొట్టిపారేసేవారు కూడా ఒకసారి ఆ బేరాన్ని దగ్గర నుంచి గమనించాలి. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీ ధర విని వెనుదిరగబోతే, మరో వేళ అయితే పోనిచ్చే వ్యాపారి ‘బోణీ బేరమమ్మా’ అంటూ పది రూపాయలు దించి సరుకు చేతిలో పెడతాడు, వచ్చిన నోటును కళ్ళకద్దుకుంటాడు. గిరాకీ రావడం అతని చేతిలో లేదు. వచ్చిన గిరాకీ పోకుండా ఆపడం మాత్రం, పది రూపాయల ఖర్చుతో, ఆ ఒక్కసారికి అతని చేతిలోకి వచ్చింది. తీరా ఆ రోజు బేరాలు జోరుగా సాగితే, బోణీ చేసిన మనిషి చెయ్యి మంచిదని చెప్పుకుంటూ, పలక నొక్కిన ఘనతనంతా అతను రెండో జట్టు కుక్కలా పక్కవారికి ధారపోస్తాడు.