మన ఓటు మన పేరునే



ఎన్నికలనాడు పెందలాడే వంట ముగించుకుని, వరుసలో నిలబడి, వేలిమీద సిరా చుక్క పెట్టించుకుని ఇంటికొస్తాం. "ఎంతసేపు! చిటికెలో పని" అనుకుంటాం. కాని ఆ చుక్క వెనకాల ముప్ఫైమూడేళ్ళ కథ ఉందమ్మా!

1917 డిసెంబరులో ఇండియా మంత్రి మాంటేగు దొర మద్రాసు వచ్చినప్పుడు, సరోజినీ నాయుడుగారి నాయకత్వాన స్త్రీలు ఆయన్ని కలుసుకుని, మగవారితోపాటు తమకూ ఓటు కావాలని అడిగారు. అందుకు పూనుకున్నది మన మదనపల్లెలో కాపురమున్న ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్. తర్వాత వచ్చిన సౌత్‌బరో కమిటీ, "ఇంకా సమయం రాలేదు" అంది. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది. బ్రిటిషు ఇండియా రాష్ట్రాల్లో అందరికన్న ముందు, 1921లో, ఔనన్నది మద్రాసే. మన బందరు, గుడివాడ, దివిసీమ అప్పుడు ఆ మద్రాసు రాష్ట్రంలోవే.

అయితే అందులో ఒక మెలిక ఉంది. ఓటు కావాలంటే పన్ను కట్టే ఆస్తి ఉండాలి. మన డెల్టాలో మాగాణి ఎవరి పేరున ఉండేది? తాతగారి పేరునో, మామగారి పేరునో! పసుపుకుంకుమల కింద నాలుగు కుంచాల నేల వచ్చిన ఏ కొద్దిమందికో తప్ప, ఇల్లాళ్ళకి ఆ హక్కు కాగితం మీదే మిగిలింది. 1935 చట్టం చదవను రాయను వచ్చినవారికీ, భర్త ఆస్తినిబట్టి భార్యలకీ కొంత దారి ఇచ్చింది. ఆస్తి, చదువు అనే అడ్డు లేకుండా అందరికీ ఓటిచ్చింది మాత్రం 1950లో వచ్చిన మన రాజ్యాంగమే. దాన్ని రాసిన సభలో మన దుర్గాబాయమ్మగారూ ఉన్నారు. స్విట్జర్లాండు స్త్రీలకు దేశపు ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో!

ఇంత జరిగాక ఏమైందో తెలుసా? మొదటి ఎన్నికల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళ్తే, చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానావారి భార్యను", "ఫలానావారి తల్లిని" అన్నారు. పేరు లేనిదే ఓటు ఎలా రాస్తారు? సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాది వారే అనుకోండి.

మనం పేరు చెప్పడానికి సిగ్గుపడటం లేదు, నిజమే. కాని కొత్తకోడలి ఓటు ఇంకా పుట్టింటి ఊళ్ళోనే ఉండిపోలేదూ? ఇల్లు మారినప్పుడు గ్యాసు, రేషను కార్డు మార్పించుకున్నాం, ఓటు మార్పించుకున్నామా? ఆ పని ఎన్నికలొచ్చేదాకా ఆగకూడదు. ఈ సాయంత్రమే జాబితాలో మీ పేరూ, కోడలి పేరూ, పద్దెనిమిది నిండిన అమ్మాయి పేరూ చూడండి. లేకపోతే దరఖాస్తు పెట్టండి.

మనవాళ్ళు అడిగి తెచ్చిపెట్టినదాన్ని మనం మరిచి పోగొట్టుకోవడం న్యాయమా, చెప్పండి! సెలవు.