వంటింటి గ్యాసు – భద్రత

ఒకనాడు వంటిల్లు అనగానే పొగచూరిన గోడలు, ఊదుడుగొట్టం, నీరు కారే కళ్లు గుర్తుకు వచ్చేవి. గ్యాసుపొయ్యి రాకతో గృహిణుల శ్రమ ఎంతో తగ్గింది. అయితే సౌకర్యం వెంట బాధ్యత కూడా వంటింట అడుగుపెట్టింది.

మన గృహాలకు గ్యాసు రెండు విధాలుగా అందుతున్నది. మొదటిది ద్రవీకృత పెట్రోలియం వాయువు. ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన దీనిని ఒత్తిడితో ద్రవరూపంలోకి మార్చి, 14.2 కిలోల బండలలో నింపుతారు. రెండవది సహజవాయువు. ఇందులో ప్రధానాంశం మీథేన్. హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి నగరాలలో కొన్ని ప్రాంతాలకు ఇది భూగర్భంలోని గొట్టాల ద్వారా చేరుతున్నది.

ఈ రెండింటి స్వభావాలు వేరు. బండలోని గ్యాసు గాలికంటె బరువైనది. లీకైనప్పుడు నేలబారుగా వ్యాపించి, మూలలలో నిలిచిపోతుంది. సహజవాయువు గాలికంటె తేలికైనది. పైకి లేచి కప్పు క్రింద చేరుతుంది. కనుక వంటింటికి క్రిందా పైనా గాలి ప్రసరించే మార్గాలు ఉండాలి.

ఈ వాయువులకు సహజంగా చెప్పుకోదగిన వాసన లేదు. ఆ లోపం ఎంతటి అనర్థానికి దారితీయగలదో 1937 మార్చి 18న లోకానికి తెలిసింది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి పాఠశాల నేలక్రింద సహజవాయువు ఎవరికీ తెలియకుండా నిండి, ఒక్క నిప్పురవ్వతో పేలిపోయింది. సుమారు మూడు వందలమంది మరణించారు. వారిలో అత్యధికులు విద్యార్థులు. అటుపిమ్మట గ్యాసుకు ఘాటైన దుర్వాసన గల మెర్కాప్టాన్ కలపడం నియమమైంది. నేడు మన ముక్కుకు సోకే ఆ వాసన ప్రాణరక్షణకై చేసే హెచ్చరిక.

గొట్టాల అమరిక శిక్షణ పొందిన నిపుణులు చేయవలసిన పని. భూమిలో పాలిథిలీన్ గొట్టాలను, గోడల వెంబడి లోహపు గొట్టాలను వేసి, మీటరు, రెగ్యులేటరు, వాల్వు బిగిస్తారు. గ్యాసు వదలడానికి ముందు గొట్టాలలో గాలిని నింపి, ఒత్తిడి తగ్గుతున్నదేమో కొంతసేపు పరిశీలిస్తారు. ఒత్తిడి తగ్గితే ఎక్కడో సందు ఉన్నట్లే. అతుకుల వద్ద సబ్బునురుగు పూస్తే లీకున్నచోట బుడగలు లేస్తాయి. అగ్గిపుల్ల వెలిగించి వెదకడం ఆత్మహత్యాసదృశం. ఖర్చుకు వెనుకాడి అనుభవం లేనివారితో గొట్టాలను మార్పించడమూ ప్రమాదకరమే. పొయ్యికి కలిపే రబ్బరు గొట్టం ఐ.ఎస్.ఐ. గుర్తు గలదై ఉండాలి. ఐదేళ్లకొకసారి, పగుళ్లు కనిపిస్తే అంతకు ముందే, దానిని మార్చాలి.

గ్యాసు వాసన వస్తే మొదట పొయ్యి, దీపం, అగరువత్తి వంటివన్నీ ఆర్పివేయాలి. రెగ్యులేటరునుగాని వాల్వునుగాని కట్టివేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. విద్యుత్ స్విచ్చులను వేయరాదు, ఆర్పరాదు. రెండు సందర్భాలలోనూ నిప్పురవ్వ పుట్టవచ్చు. అందరూ బయటికి వచ్చిన తరువాతనే ఫోను చేయాలి. బండ లీకైతే 1906 నంబరుకు, గొట్టపు గ్యాసైతే సరఫరా సంస్థ ఇచ్చిన అత్యవసర నంబరుకు తెలియజేయాలి.

ఈ విషయాలు ఇంటిలో ఒక్కరికే తెలిస్తే చాలదు. ఆ ఒక్కరూ ఊరిలో లేని రోజునే గ్యాసు లీకు కావచ్చు. కాబట్టి వాల్వు ఎక్కడ ఉన్నదో, దానిని ఎటు త్రిప్పితే మూసుకుంటుందో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.