గడప దాటని కోకిల

పుస్తకం పేరేమో పదమూడు కథలు. తెరిచి లెక్కపెడితే పన్నెండే! మరి పదమూడోది ఏమైనట్టు?

బ్రిటన్ రచయిత్రి డయాన్ సెటర్‌ఫీల్డ్ తొలి నవల 'ద థర్టీన్త్ టేల్' (2006) ఈ ప్రశ్నతోనే మనల్ని లోపలికి లాగేస్తుంది. అందులో విడా వింటర్ పేరుమోసిన రచయిత్రి. మీ జీవితకథ చెప్పండంటూ వచ్చిన ప్రతి విలేకరికీ ఓ కొత్త కట్టుకథ చెప్పి పంపేసిన ఘనురాలు. జబ్బుచేసి, ఇక ఎన్నాళ్లో బతకనని తెలిశాక, పాత పుస్తకాల వ్యాపారి కూతురు మార్గరెట్‌ని పిలిపించుకుని అసలు కథ మొదలుపెడుతుంది. కాలిపోయిన ఓ పెద్ద భవంతి, అందులో పెరిగిన కవల ఆడపిల్లలు... ఇంతకుమించి చెబితే చదివే సరదా పోతుంది. మధ్యలో కాస్త సాగదీత ఉంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు అదీ ఇష్టంగానే చదివేస్తారు.

ఎక్కడో ఇంగ్లండు కథ మనకెందుకంటారా? అలాంటి ఇల్లు మన గోదావరి రచయితా కట్టాడు మరి! పసలపూడి వంశీ నవల 'మహల్లో కోకిల'. 1984లో ఆయనే దాన్ని 'సితార'గా తెరకెక్కించారు. నిర్మాత ఏడిద నాగేశ్వరరావుదీ కోనసీమలోని కొత్తపేటే.

అక్కడ గతాన్ని దాచుకున్నది రచయిత్రి అయితే ఇక్కడ సినిమాతార. ఆమె అసలు పేరు కోకిల. పాడుబడ్డ మహల్లో పెరిగింది. జమీ కరిగిపోయినా దర్పం కరగలేదు. పరువు పేరుతో అన్న ఆమెను గడప దాటనివ్వడు. ఊళ్లోకి పగటి వేషగాళ్లు వచ్చాక మొదలవుతుంది అసలు కథ. ఇంగ్లిషు నవలలో ఇంట్లో దెయ్యం తిరుగుతోందా అన్న అనుమానం చాలాసేపు వెంటాడుతుంది. ఇక్కడ దెయ్యాల్లేవు. ఆ మహల్ దాచిపెట్టుకున్నది లేమిని. దాని ఖరీదు మాత్రం ఆడపిల్లే కట్టింది. అందుకేనేమో, నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ ఇల్లే.

సినిమా చూసేశాం కదా అనేవాళ్లుంటారు. భానుప్రియ కళ్లు, జానకి గారికి జాతీయ అవార్డు తెచ్చిన పాట ఎవరు మర్చిపోతారు! అయినా నవల చదవండి. పుటల్లో ఆ గదుల్ని మనమే ఊహించుకోవాలి.

ఇంగ్లిషు నవల చిన్నపిల్లలకు తగదు. డిగ్రీ చదివే అమ్మాయికి అది, అమ్మకు ఇది ఇవ్వండి. వారం తర్వాత మార్చుకోమనండి.