మనసు వైద్యం ప్రకటనకు పూచీ ఎవరిది?

కౌన్సెలింగ్ కేంద్రాల ప్రచారాన్ని ఇప్పుడు యంత్రం రాసిపెడుతోంది. పల్నాడులోని గురజాల లాంటి ఊళ్లలో బాధలో ఉన్న మనిషికి వైద్యం తరఫున అందే మొదటి మాట అదే. దానికి మనిషి జవాబుదారీగా ఉండి తీరాలి.

మిరప కోతల కాలంలో గురజాలలో ఎవరైనా సెల్‌ఫోన్ తెరిస్తే ఇలాంటి పోస్టు ఒకటి ఎదురుకావచ్చు. కిటికీ పక్కన దిగులుగా కూర్చున్న అమ్మాయి బొమ్మ, దాని కింద ‘ఈ ఐదు లక్షణాలు మీలో ఉన్నాయా?’ అన్న ప్రశ్న. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, నీరసం, చిరాకు, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం. చివర ‘ఆలస్యం వద్దు, ఇప్పుడే బుక్ చేసుకోండి’ అంటూ ఒక బటన్. కౌన్సెలింగ్ సెంటర్‌కు నెల రోజుల పోస్టులు కావాలని కృత్రిమ మేధ సాధనాన్ని అడిగితే బొమ్మలతో సహా నిమిషాల్లో తయారుచేస్తుంది. రోజుకొకటి చొప్పున అవి వాటంతటవే ఫేస్‌బుక్‌లోకి, ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కుతాయి. ఆ పోస్టులో అబద్ధమేమీ లేదు. కానీ పొద్దు గూకేదాకా నడుం వంచి కాయలు కోసే కూలీకి, అప్పు గడువు దగ్గరపడిన కౌలురైతుకు ఆ ఐదు లక్షణాలూ ఉంటాయి. అవి రెండు వారాలకు మించి వదలకుండా ఉన్నాయా, పనిని, సంసారాన్ని దెబ్బతీస్తున్నాయా అన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న లేని పోస్టు ఒంటి అలసటను జబ్బుగా చూపిస్తుంది. నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడికీ అదే బటన్ చూపిస్తుంది.

పల్నాడు ఎరిగిన మనిషి రాస్తే అందులో మరో మాట ఉండేది. పత్తి, మిరప పండే ఇళ్లలో పురుగుమందు చేతికందే దూరంలో ఉంటుంది. ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధించాక శ్రీలంకలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. అందుకే ‘మందు డబ్బాలు తాళంలో పెట్టండి, దిగులుగా ఉన్న మనిషిని ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ చేయండి’ అన్న మూడు ముక్కలు ప్రాణం నిలపగలవు. ఆ నంబరు 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌ది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బుకింగులు పెంచమని పురమాయించిన సాధనం, ఎవరూ గుర్తుచేయకుండా ఈ ఉచిత సాయాన్ని ముందు పెడుతుందని నమ్మలేం.

ఇలాంటి పోస్టులను మనిషే రాయాలనడానికి బలమైన అభ్యంతరమే ఉంది. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మంది మానసిక సమస్యలతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. గురజాల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లిరావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. అలాంటిచోట ఒంటరిగా కేంద్రం నడిపే కౌన్సెలర్‌కు రోజూ పోస్టులు రాసే తీరిక ఎక్కడిది? ఆయన మౌనంగా ఉంటే ఆ ఖాళీని ‘నరాల బలహీనత’ గోడ ప్రకటనలే నింపుతాయి కదా? ఈ వాదనలో న్యాయం ఉంది. వేళలు, ఫీజు, చిరునామా రాయడానికి, కౌన్సెలర్ చెప్పిన మాటల్లో తప్పులు దిద్దడానికి యంత్రాన్ని వాడుకోవచ్చు. ఏ లక్షణానికి ఏమర్థం, ఎవరు రావాలి, ఎంత ఊరట దొరుకుతుంది అన్న సంగతులు మాత్రం చికిత్సలో భాగం. వాటిని చదువుకున్న మనిషే చెప్పాలి.

పొరపాటు జరిగితే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతోంది. తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలున్నవారి కోసం పనిచేసే ‘నేడా’ సంస్థ 2023లో ‘టెస్సా’ అనే చాట్‌బాట్‌ను ఆపేసింది. బరువు తగ్గే సలహాలు ఎవరికి చేటో, సరిగ్గా వాళ్లకే అది ఆ సలహాలు ఇచ్చింది. అదే ఏడాది ఆన్‌లైన్ థెరపీ కంపెనీ బెటర్‌హెల్ప్, తనను నమ్మి వచ్చినవారి సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ఇచ్చిందన్న అభియోగంపై 78 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అందరూ అందరికీ తెలిసిన ఊళ్లో ఇలాంటి గుట్టు బయటపడితే పెళ్లి సంబంధాలే తప్పిపోతాయి. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. ఇక యంత్రం అల్లే ‘నాకు నయమైంది’ కథల్లో అసలు రోగే ఉండడు. ఆ కథను నమ్మి వచ్చినవాడు, రెండు సిట్టింగుల్లో గుణం కనిపించకపోతే, లోపం తనలోనే ఉందనుకుని మరింత కుంగిపోతాడు.

మనుషులు మాత్రం బూటకపు ప్రకటనలు రాయలేదా అనవచ్చు. రాశారు. అందుకే 1954లోనే అభ్యంతరకర వైద్య ప్రకటనలపై చట్టం వచ్చింది, 2019 వినియోగదారుల చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. చట్టం పట్టుకోవాలంటే ఎవరో ఒకరు దొరకాలి. తాను చదవనైనా చదవని పోస్టు తన పేరుతో వెళ్తుంటే, ‘సాఫ్ట్‌వేర్ రాసింది’ అని తప్పుకోవడం తేలికవుతుంది. కాబట్టి ప్రతి పోస్టు కిందా బాధ్యుడి పేరు, అర్హత, ఆయన వృత్తికి రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు, పక్కనే 14416 ఉండాలి. యంత్రం సాయం తీసుకుంటే ఆ మాటా చెప్పాలి. కల్పిత రోగి కథలు పూర్తిగా మానేయాలి. ఈ షరతులు పాటిస్తే నెలకు ముప్పై పోస్టులు రావు, నాలుగే వస్తాయి. తన బాధ చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరున్నారో తెలియాల్సిన మనిషికి ఆ నాలుగే ఎక్కువ మేలు చేస్తాయి.